ఇరవై తొమ్మిది గళ్ళు

ఆసుపత్రి వసతి గృహం వరండాలో, సిస్టరు బల్ల ముందు, బస్సు డ్రైవరు తల గోక్కుంటూ నిలబడ్డాడు. బల్ల మీద ఆయన ఊపిరి సాధన కాగితం ఉంది. వారానికి ఇరవై ఎనిమిది గళ్ళు. అందులో ఎనిమిదో తొమ్మిదో బోసిగా ఉన్నాయి.

"నిన్న మధ్యాహ్నం ఏమైంది?" అంది సిస్టరు.

"నిద్రొచ్చింది సిస్టరూ."

"సాయంత్రం?"

"ఆ నిద్రలోంచే ఇంకా లేవలేదు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డ్రైవరు భార్య నవ్వలేదు. నీళ్ళ యంత్రం పక్కనున్న బోర్డు వైపు చెయ్యి చాపింది. "అదిగో, పదకొండు రోజులనుంచీ అక్కడే ఉంది ఆ కాగితం. రోజూ దాని పక్కనే నీళ్ళు పట్టుకుంటావు. ఒక్కసారైనా చూశావా? ఆవిడకీ నీ జబ్బే, ఆవిడకీ నీ ఆపరేషనే. ఒక్క గడి ఖాళీ ఉందేమో చెప్పు!"

"బండెక్కని మనిషికి టికెట్టు ఎలా కొడతానే?" అన్నాడు డ్రైవరు. "పీల్చలేదు. అందుకని వెయ్యలేదు."

వరస చివర, గోడకి ఆనుకుని నిలబడ్డ పదహారేళ్ళ అమ్మాయి తన చేతిలోని కాగితాన్ని ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. బోర్డు మీదున్నది మేనత్త తరఫున ఆమె రాసిన కాగితానికి జిరాక్సు. మొదటి వారం పూర్తవగానే సిస్టరు దాన్ని నాలుగు మూలలా పిన్నులు గుచ్చి అక్కడ పెట్టింది. "అక్షరాలు చూడండి, ముత్యాలు పోసినట్టు లేవూ?" అని ఆరోజు పదిమందికీ చూపించింది. అప్పటినుంచి ఆ అమ్మాయి పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. మెట్ల మీద, మందుల కొట్టు దగ్గర, అందరికీ ముత్యాలే.

సిస్టరు కుర్చీలోంచి లేచింది. "పదండి. మీ గదికే వస్తాను. మూడు బంతులూ లేచేదాకా నేను కదలను."

"ఇవాళ కూడానా?" అన్నాడు డ్రైవరు దీనంగా.

"గళ్ళు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ రోజూ వస్తాను." వెళ్తూ వెళ్తూ ఆమె వరస చివర ఆగి, ముత్యాలు చేతిలోంచి కాగితం తీసుకుంది. పైనుంచి కిందికి ఒక్కసారి చూసింది. గోడకి ఆనించి సంతకం పెట్టి ఇచ్చేసింది. "నీ దగ్గర ఆగక్కర్లేదమ్మా ముత్యాలూ. నీలాంటిది గదికొకతె ఉంటే నేను కాళ్ళు బార్లా చాపుకుని కూచునేదాన్ని."

ఆ అమ్మాయి తల వంచుకుంది. సిగ్గనుకున్నారు అందరూ.

పై అంతస్తులో తమ గది తలుపు ఓరగా వేసి ఉంది. అత్త మంచం మీద కూచుని, దిండు గలీబు అంచు వేళ్ళతో సవరిస్తోంది. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఎక్కడ గుడ్డ కనిపించినా కుట్టు చూడకుండా ఉండలేదు. "అంగుళానికి ఆరు కుట్లు కూడా లేవు. ఆసుపత్రివాళ్ళు మనుషుల్నైనా కాస్త దగ్గర దగ్గరగా కుడతారో లేదో," అంది.

"పీల్చాలి అత్తా," అంది ముత్యాలు.

కిటికీ గట్టు మీద బంతుల డబ్బా ఉంది. పారదర్శకంగా ఉండే మూడు గొట్టాలు, ఒక్కోదానిలో ఒక్కో తేలికపాటి బంతి. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు లేవాలి. పదిసార్లు లాగితే ఒక పూట అయినట్టు. రోజుకి నాలుగు పూటలు. అత్తకి అన్నవాహికలో కణితి. అది తీసే ఆపరేషన్‌లో ఛాతీ తెరుస్తారు. తర్వాత చాలామందికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. మూడు వారాల ముందునుంచే ఊపిరి సాధన చేయిస్తే ఆ నిమ్ము తగ్గుతుందా, లేక ఊరికే శ్రమేనా అన్నది ఆ ఆసుపత్రివాళ్ళు తేల్చుకోవాలని చూస్తున్నారు. కంప్యూటరు చీటీలు తీసినట్టు తీసి కొంతమందిని సాధనలో వేసింది, కొంతమందిని వెయ్యలేదు. అత్తకి సాధన చీటీ వచ్చింది. "నా జబ్బు నాకెలాగూ తప్పదు. దానివల్ల ఇంకొకరికి ఒక ముక్క తెలిస్తే తెలియనీ," అంటూ సంతకం పెట్టింది.

అత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని గాలి లాగింది. మొదటి బంతి టప్పున పైకి తగిలింది. రెండోది సగందాకా లేచి వణికింది. మూడోది కదల్లేదు.

"వీడు చూడు," అంది అత్త దాన్ని వేలితో కొట్టి. "ఇంటల్లుడిలా కూచున్నాడు."

నాలుగోసారికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరోసారికి దగ్గొచ్చింది. ముత్యాలు వీపు నిమిరింది. డబ్బా మళ్ళీ అందించాలని చెయ్యి చాపి, అత్త ముఖం చూసి, వెనక్కి తీసుకుంది. పెద్దవాళ్ళకి ఇంకోసారి అని ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు. బళ్ళో కూడా ప్రశ్నకి జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల ఆమె. అత్త పక్కకి ఒరిగి కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంట పూట ఆ మాత్రం కూడా లేదు. గోడ గడియారం ఒంటిగంట చూపించగానే ముత్యాలు "అత్తా" అంది. అది పిలుపులా లేదు, మేలుకుని ఉన్న మనిషికి కూడా వినపడదు. అత్త కదల్లేదు. ముత్యాలు కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని పాఠాల పుస్తకం తెరిచింది. గదిలో మందుల వాసన, వేడి. ఎవరూ పిలవడం లేదు, ఎవరికీ వాంతి గిన్నె పట్టక్కర్లేదు. రెండు పేజీలు చదివింది. మూడు అయ్యాక కాగితం బయటికి తీసి, ఒంటిగంట గడిలో టిక్కు పెట్టింది. ముందు చిన్న గీత, తర్వాత పొడుగు గీత, అన్నిటికీ ఒకే వాలు.

మొదటిది అత్త చెప్తేనే పెట్టింది. మొదటి వారం ఆరో రోజు. అత్త ఆ రోజు పొద్దుటినుంచీ వాంతులతో వేలాడిపోయింది. "వేసెయ్యవే కోడలా, ఒక్క పూటకే ఆకాశం ఊడిపడదు," అంది. ఆ ఒక్క గడీ ఖాళీగా ఉంటే ఆ కాగితం పన్ను ఊడిన నోరులా కనిపించింది ముత్యాలుకి. వేసింది. మర్నాడు కాకుండా ఆ మర్నాడు కాగితం బోర్డెక్కింది. బోర్డెక్కిన కాగితం రాసిన చెయ్యి తర్వాతి వారం ఖాళీలు వదిలితే ఏం బాగుంటుంది? అత్త మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు.

ఆ పిల్లకి ఇంకో అలవాటు ఉంది. ఐదో తరగతినుంచీ డైరీ రాస్తుంది. రాసింది ఎవరికీ చూపించదు, అమ్మకి కూడా. అందులో అబద్ధం రాయడం చేతకాలేదు. సాయంత్రం మెట్ల మీద కూచుని రాసుకుంది: "పందొమ్మిదో రోజు. పొద్దున ఆరుసార్లు. మధ్యాహ్నం పీల్చలేదు. రెండూ వేశాను."

ఎల్లుండి ఆసుపత్రిలో చేరాలి. ఆ పై రోజు ఆపరేషన్.

నాన్న ఊరినుంచి వచ్చాడు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద తన అక్క చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. లోపలికి వెళ్ళేముందు అత్త నర్సుతో, "అమ్మాయ్, వెనక ముడి సరిగ్గా వెయ్యి. ఇది గౌను కాదు, గోనెసంచి," అంది. స్ట్రెచరు తలుపులు దాటాక కూడా ఆ నర్సు నవ్వు వినిపించింది. ఏడు గంటలు పట్టింది. పెద్ద డాక్టరు బయటికొచ్చి టోపీ తీసి, "కణితి మొత్తం వచ్చింది," అన్నాడు. నాన్న చేతులు జోడించబోతే చెప్పులు కింద పడ్డాయి.

మూడో రోజు జ్వరం వచ్చింది.

మొదట చలి అంది అత్త. తర్వాత ఏమీ అనలేదు. సాయంత్రానికి ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం మొదలైంది. మంచం చుట్టూ తెర లాగారు. తెర తీసేసరికి మంచం లేదు, కింద చక్రాల గుర్తులున్నాయి. కుడివైపు ఊపిరితిత్తిలో నిమ్ము చేరిందని, ఊపిరి యంత్రం పెట్టాల్సి వచ్చిందని ఒక డాక్టరమ్మ వచ్చి చెప్పింది.

ఐసీయూ తలుపుకి జానెడు అద్దం ఉంది. మర్నాడు పొద్దున ముత్యాలు దానికి నుదురు ఆనించి నిలబడింది. లోపల అత్త నోట్లో గొట్టం, గొట్టానికి పట్టీ. యంత్రం గాలి తోస్తుంటే ఛాతీ లేస్తోంది, దిగుతోంది. నిమిషానికి పద్దెనిమిదిసార్లు. ఒక్కసారి కూడా తప్పడం లేదు. ముత్యాలు లెక్కపెట్టడం ఆపలేకపోయింది.

నాన్న వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "సిస్టరు చెప్పింది. ఇరవై ఒక్క రోజులూ ఒక్క పూట తప్పనివ్వలేదటగా! మా అక్కచేత పని చేయించడమంటే మాటలా! మా అమ్మ తర్వాత అంత ఓపిక నీకే వచ్చిందే తల్లీ." ఆయన కూడా అద్దంలోంచి లోపలికి చూశాడు. "నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఇంక పైవాడి దయ."

ముత్యాలు అద్దం మీద తన ఊపిరి తడిని కొంగుతో తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

పెద్ద డాక్టరు, సిస్టరు మాట్లాడుకుంటూ అటువైపే వచ్చారు. తలుపు పక్కన ఉన్న పిల్లని వాళ్ళు చూడలేదు. చూసినా పట్టించుకోదగ్గ మనిషిలా ఉండదు ఆమె ఎప్పుడూ.

"సాధన ఎంతవరకు చేసింది ఈవిడ?" అన్నాడు పెద్ద డాక్టరు.

సిస్టరు ఫైలు తిప్పింది. "పూర్తిగా సార్. ఎనభై నాలుగుకి ఎనభై నాలుగు."

"అందరికన్నా బాగా చేసినావిడకే ఇలా అయింది. అరకొరగా చేసిన డ్రైవరు చూస్తే మూడో రోజుకే వరండాలో నడుస్తున్నాడు." ఆయన కళ్ళజోడు తీసి ముక్కు నొక్కుకున్నాడు. "అసలు మన ఆలోచనే తప్పేమో సిస్టర్."

"ఒక్కరిని చూసి చెప్పలేం కదా సార్."

"ఒక్కొక్కరే కదమ్మా అందరూ అయ్యేది."

తలుపు తెరుచుకుని మూసుకుంది. ముత్యాలు అద్దంనుంచి పక్కకి జరిగింది. ఆ టిక్కులు అత్తకీ తనకీ మధ్య, మహా అయితే సిస్టరుకీ తనకీ మధ్య అనుకుంది ఇన్నాళ్ళూ. అవి నడుచుకుంటూ పెద్ద డాక్టరు నోటిదాకా వెళ్తాయనుకోలేదు. ఇంకెవరో, ఎప్పుడో, ఇలాంటి గదిలోనే మంచం మీద కూచున్నప్పుడు, "అవన్నీ చేసి చూశాం, లాభం లేదు" అని డబ్బా తీసి పక్కన పెట్టేస్తారు. ఆ డబ్బా పక్కన పెట్టించిన వేలిముద్ర తనది.

చెప్పాలని ఆ మధ్యాహ్నం వసతి గృహానికి వెళ్ళింది. సిస్టరు బల్ల దగ్గర లేదు. బోర్డు ముందు నిలబడి, ఆరో రోజు వరసలో మధ్యాహ్నం గడి చూసింది. మిగతా ఇరవై ఏడిటితో కలిసిపోయి ఉంది. ఎవరు చూసినా తేడా చెప్పలేరు. పిన్ను మీద వేలు పెట్టి, పీకబోయింది.

"ఏమ్మా ముత్యాలూ, ఇంకో కాగితం అంటిస్తున్నావా?" అంది నీళ్ళ సీసాతో వచ్చిన డ్రైవరు భార్య. తర్వాత నాలుక కరుచుకుంది. "అత్తయ్యకి ఎలా ఉంది తల్లీ? నువ్వు బాధపడకు. నీ చేతిలో ఏముంది చెప్పు? మా ఆయన్ని ఆ సిస్టరు రోజూ పక్కన కూచుని రాచి రంపాన పెట్టింది కాబట్టి ఏదో గట్టెక్కాడు. మీ అత్తయ్యకి ఆ అవసరమే లేకపోయె."

ముత్యాలు పిన్ను మీదనుంచి వేలు తీసేసింది. సిస్టరు డ్రైవరు గదికి వెళ్ళిన రోజులన్నీ లెక్కేసుకుంటూ మెట్లెక్కింది. ఆ రోజుల్లో ఆమె తమ గది ముందునుంచే వెళ్ళింది. చెప్పుల చప్పుడు వినపడేది. తలుపు దగ్గర ఆగేది కాదు.

ఆపరేషనైన ఆరో రోజు అత్త నోట్లో గొట్టం తీశారు. ఏడో రోజు వార్డుకి తెచ్చారు. మనిషి సగమైంది. గొంతు అసలు లేదు, గాలి మాత్రమే వస్తోంది. అందుకని నర్సులు ఒక అట్ట, కాగితం, పెన్ను ఇచ్చారు. అత్త మొట్టమొదట రాసిన మాట: "దుప్పటి అంచు విడిపోయింది. సూది ఉందా?" నాన్న అది చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడే సిస్టరు వచ్చింది, చంకలో ఫైలుతో. "మొత్తానికి భయపెట్టేశారు పెద్దమ్మా," అంది అత్తతో. అత్త చెయ్యి పట్టుకుని నాడి చూసింది. తర్వాత ముత్యాలు వైపు తిరిగింది. "ఇరవై ఒక్క రోజుల కాగితాల కింద నువ్వొక సంతకం పెట్టాలమ్మా, నింపింది నేనేనని. ఇవాళ కంప్యూటరులోకి ఎక్కించి మూసేస్తాను."

మూడు కాగితాలు మంచం పక్క బల్ల మీద పరిచింది. పెన్ను మూత తీసి ఇచ్చింది. ముత్యాలు పెన్ను పట్టుకుంది. సంతకం పెట్టే చోట చుక్కల గీత ఉంది. ఆ చుక్కలు ఎన్నో కూడా లెక్కపెట్టింది.

"ఇవి నిజం కాదు," అంది.

"ఏంటమ్మా?"

"ఇవి... అన్నీ నిజం కాదు సిస్టర్. పీల్చకపోయినా వేశాను."

వార్డులో ఎవరో స్టూలు జరిపారు. సిస్టరు ఫైలు మీద చెయ్యి అలాగే ఉంచి చూసింది. ఆమె నోరు తెరిచేలోపే అత్త పెన్నుతో మంచం పట్టీ మీద టకటకా కొట్టింది. అట్ట తీసుకుని రాసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. సిస్టరు వైపు తిప్పింది.

"నేనే వెయ్యమన్నా. పిల్ల భయపడి వేసింది. దాన్నేం అనకు."

సిస్టరు అది చదివి తల ఊపింది. "పోనీలే. పెద్దావిడ చెప్పింది, చిన్నపిల్లవి, వేశావు." ఆమె కోపంగా లేదు, అలసటగా ఉంది. "అలా అని ఒక చీటీ రాసి జత చేస్తాను. అయిపోతుంది."

అలా అయిపోయేదే. అత్త కళ్ళు మూసి తెరిచి, ఒప్పుకో అన్నట్టు సైగ చేసింది. నాన్న వచ్చేలోగా అంతా సర్దుకుపోతుంది. ముత్యాలు పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఒక్కటే అత్తా. నువ్వడిగింది ఒక్కటే. మిగతా ఇరవై ఎనిమిదీ నేనే వేశాను."

అత్త చేతిలో అట్ట పక్కకి ఒరిగింది.

సిస్టరు స్టూలు లాక్కుని కూచుంది. "ఇరవై తొమ్మిది. అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావు? ఏ రోజు ఏ పూటో గుర్తుందా?"

"రాసుకున్నాను."

"ఎక్కడ?"

ముత్యాలు సంచి అడుగున చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన డైరీ తీసింది. సిస్టరు చెయ్యి చాపింది. ఆ పిల్ల రెండు చేతులతో డైరీ గుండెకి పట్టుకోవడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను చదవను. నువ్వే చదువు. తేదీ, పూట చెప్పు చాలు. కాగితం మీద దిద్దాల్సిందీ నువ్వే. ఎలా దిద్దాలో మొదటి రోజు చెప్పాను, గుర్తుందా?"

గుర్తుంది. రబ్బరు వద్దు, తెల్లరంగు వద్దు. తప్పు మీద ఒకే ఒక్క గీత, కిందది కనపడేటట్టు. పక్కన నిజం. పొట్టి సంతకం, దిద్దిన రోజు తేదీ. అది విన్నప్పుడు ముత్యాలు మనసులో అనుకుంది, నా కాగితంలో కొట్టివేత ఉండదులే అని. బళ్ళో ఆమె నోటు పుస్తకాల్లో ఎప్పుడూ ఉండేది కాదు. ఒక మాట తప్పు పడితే పేజీ చింపి మళ్ళీ రాసేది.

డైరీ తెరిచింది. "ఆరో రోజు. మధ్యాహ్నం పీల్చలేదు. అత్త వెయ్యమంది. వేశాను."

బల్ల మీది కాగితంలో ఆ టిక్కు మీద గీత కొట్టింది. పక్కన సున్నా. కింద పొట్టి సంతకం. గళ్ళు చిన్నవి. తేదీ పక్క గడిలోకి పాకింది.

"తొమ్మిదో రోజు. మధ్యాహ్నం, సాయంత్రం పీల్చలేదు. రెండూ వేశాను. అత్త అడగలేదు."

పక్క మంచం ఆవిడ ఇటు తిరిగింది. ముత్యాలు గొంతు ఇంకా తగ్గింది. సిస్టరు ముందుకి వంగింది కానీ గట్టిగా చదవమనలేదు. పదో రోజు. పదకొండో రోజు. రెండో కాగితం మీద గీతలు ఎక్కువయ్యాయి. వేలి చివర సిరా అంటుకుంది.

"పదమూడో రోజు. మధ్యాహ్నం పీల్చలేదు." ఆగింది. కింద ఇంకో వాక్యం ఉంది. సిస్టరు అడిగింది తేదీ, పూట. అంతే. అది చదవక్కర్లేదు. ముత్యాలు అత్త వైపు చూడలేదు. చదవకుండా దాటేస్తే అది కూడా ఒక టిక్కే అవుతుంది.

"లేపుదామనుకున్నాను. లేపలేదు. అత్త పడుకుంటే..." వాక్యం కింద వేలు పెట్టుకుంది. "అత్త పడుకుంటే నాకు హాయిగా ఉంది."

సిస్టరు తల ఎత్తలేదు. బల్ల మీద కాగితం కదలకుండా వేలితో నొక్కి పట్టుకుంది. మంచం మీదనుంచి ఒక చప్పుడు వచ్చింది, గాలిలాంటిది. ముత్యాలు చూసింది. అత్త నవ్వుతోంది. నవ్వితే కుట్లు లాగుతున్నాయి కాబోలు, పక్కటెముకలు అరచేత్తో పట్టుకుంది. రెండో చేత్తో పెన్ను తీసుకుంది. ఈసారి చాలాసేపు రాసింది.

"నిద్ర కాదే. దొంగ నిద్ర. ఆ మూడో వెధవ లేవకపోతే ఏడుపొచ్చేది. నువ్వు లేపవని తెలుసు నాకు. నాకూ హాయిగానే ఉంది."

ముత్యాలు అది రెండుసార్లు చదివింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, అక్షరాలు ఇంకా వంకరయ్యాయి. అత్త అట్ట లాక్కుని కింద ఇంకో ముక్క రాసింది: "కుట్టు తప్పితే విప్పాలి. పైన పువ్వు కుట్టి దాచకూడదు. విప్పు. అన్నీ విప్పు."

ఇరవై తొమ్మిదీ అయ్యేసరికి అరగంట పట్టింది. మూడో కాగితం కోళ్ళు గీరిన నేలలా ఉంది. సిస్టరు మూడిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చింది, అంచులు సరిచేసింది. వెంటనే లేవలేదు.

"సిస్టర్," అంది ముత్యాలు. "అవన్నీ పీల్చుంటే... అత్తకి నిమ్ము వచ్చేది కాదా?"

సిస్టరు ఆ ప్రశ్న ముందే విన్నట్టు కూచుంది. "వచ్చేది కాదని చెప్తే అబద్ధం. వచ్చేదే అని చెప్పినా అబద్ధమే. నాకు తెలీదు. పెద్ద డాక్టరుకీ తెలీదు. తెలిస్తే ఈ గళ్ళెందుకమ్మా మనకి?" ఆమె పై కాగితం మీద, ఎండిన ఒక గీతని వేలితో తాకింది. "నాకు తెలిసింది ఒక్కటే. గడి ఖాళీగా ఉంటే నేను వచ్చి కూచునేదాన్ని. ఖాళీ గడి చూసే నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుసుకునేది. మీ తలుపు ముందునుంచి రోజూ వెళ్ళాను. నీ అక్షరాలు చూసి."

ముత్యాలు వేలికంటిన సిరా రుద్దుకుంది. ఇది తిట్టయితే బాగుండేది.

"ఒకే వాలు, ఒకే సిరా, ఎనభై నాలుగు. కొత్తదాన్ని కాదు నేను. చూడగానే అనుమానం రావాలి." సిస్టరు ఫైలులోంచి ఇంకో కాగితం తీసింది, చుట్టూ ఎర్ర గీత ఉన్నది. "నాకు ముచ్చటేసింది. గోడకెక్కించాను. నేను గోడకెక్కించాక నీకు దిగే దారి లేకుండా పోయింది." కాగితం పైన తన పేరు రాసుకుంది. కింద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. తలకిందులుగా చూసినా ముత్యాలు చదవగలిగింది: పర్యవేక్షణలో లోపం. ఇరవై ఒక్క రోజుల్లో ఈ గదికి వెళ్ళింది రెండుసార్లు. "పెద్ద డాక్టరుకి నేనే చెప్తాను. నీ పేరు అక్కర్లేదు, రోగి సంఖ్య చాలు. బోర్డు మీదది కూడా నేనే తీస్తాను. అంటించింది నేనే కదా."

వెళ్ళబోతూ ఆమె కొత్త కాగితం ఒకటి ముత్యాలుకి ఇచ్చింది. ఆపరేషన్ తర్వాతి సాధనది. మళ్ళీ ఇరవై ఎనిమిది గళ్ళు, ఒకటీ నిండలేదు. "ఇది కూడా నువ్వే నింపుతావా, ఇంకొకరిని పెట్టుకోనా?"

ముత్యాలు అత్త వైపు చూసింది. అత్త అట్ట మీద రాసింది: "దీనికి జీతం లేదు. ఎవరొస్తారు?"

నాన్న పళ్ళతో తిరిగి వచ్చాడు. ముత్యాలు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. ఎంత చెప్పిందో తెలియదు, మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆయన విన్నాడు. తిట్టలేదు. భుజం మీద చెయ్యీ వెయ్యలేదు. చేతిలో సంచి ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని, లోపలికి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూచున్నాడు. ఆ రోజంతా ముత్యాలుతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె దాన్ని కూడా డైరీలో రాసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి ముత్యాలు బంతుల డబ్బా తుడిచి, గొట్టం అత్త నోటికి అందించింది.

"అత్తా. లెగు."

అత్త కళ్ళు మూసుకునే ఉంది.

"దొంగ నిద్ర నాకు తెలుసు. లెగు." పక్క మంచం ఆవిడకి కూడా వినపడింది ఈసారి. తన గొంతు తనకే కొత్తగా ఉండి ముత్యాలు చెవులు ఎర్రబడ్డాయి.

అత్త ఒక కన్ను తెరిచింది. గొట్టం పట్టుకుని లాగింది. మొదటి బంతి వేలెడు లేచి కింద పడింది. రెండోసారి అంత కూడా లేవలేదు. మూడోసారి అత్త ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. డబ్బా పక్కకి తోసేసి, చెయ్యి ఊపింది. చాలు. ఇంక కాదు.

"ఇంకోసారి అత్తా. ఒక్కసారి."

అత్త తల అడ్డంగా ఊపింది. ముత్యాలు ఇంకోసారి అడిగింది. మళ్ళీ అలాగే ఊపింది. తర్వాత ముత్యాలు కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను మూత తీసింది. ఒంటిగంట గడి చూసింది. తెల్లగా ఉంది. పొద్దుటి గడిలో టిక్కు ఉంది, అది నిజం. దాని పక్కన ఇది ఎప్పటిలాగే ఊడిన పన్నులా ఉంది. పెన్ను మూత పెట్టేసింది.

లేచి, కాగితాన్ని మంచం కాళ్ళవైపు కమ్మీకి క్లిప్పుతో తగిలించింది, దారిన పోయేవాళ్ళకి కనపడేటట్టు. గాలికి తిరగబడకుండా కింద అంచు సరిచేసింది.

వార్డు ఆ చివరినుంచి చెప్పుల చప్పుడు వస్తోంది. ఆ మనిషి ఒక్కో మంచం దగ్గరా ఒక్క క్షణం చూసి వస్తోంది. కొన్నిచోట్ల చప్పుడు ఆగడం లేదు. ముత్యాలు స్టూలు చివర కూచుని, చేతులు ఒళ్ళో కట్టుకుని విన్నది. అత్త కూడా వింటోంది, రెండు కళ్ళూ తెరుచుకుని.

చప్పుడు తమ మంచం దాకా వచ్చింది. రెండడుగులు దాటింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఒంటిగంటకి ఏమైంది?" అంది సిస్టరు.

ముత్యాలు లేచి స్టూలు ఆమెకి ఇచ్చింది.